స్నో బ్లోవర్ కొనేముందు: ఆ హ్యాండిల్ పట్టుకునేది ఎవరు?

అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో మా అక్కావాళ్ళు మొన్న వేసవిలో ఇల్లు కొన్నారు. అప్పట్నుంచి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ. చలికాలం వచ్చేలోపు ఏ స్నో బ్లోవర్, అంటే వాకిట్లో పడ్డ మంచుని ఎత్తి పక్కకి విసిరే మిషన్, కొనాలి? ఇంజన్ ఎన్ని సీసీ ఉండాలి, మూతి వెడల్పు ఎన్ని అంగుళాలు, ఏ కంపెనీ గేర్‌బాక్స్ గట్టిది అని రోజూ మెసేజిలే. చికాగోలో ఉండే బావగారి స్నేహితుడు ఒకాయన "28 అంగుళాలకి తగ్గొద్దు, తగ్గితే రెండో ఏడాదికే మార్చుకోవాలి" అని తేల్చేశాడు. ఇంకొకాయన 30 అన్నాడు. ఇన్ని మెసేజిల్లో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యలేదు. తెల్లవారుజామున అయిదింటికి గరాజ్ తలుపెత్తి ఆ బండిని బయటికి తీసేది ఎవరు?

బావగారిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. సోమవారం పొద్దున్న విమానం ఎక్కితే మళ్ళీ గురువారం రాత్రికే ఇల్లు చేరడం. అక్క ఆస్పత్రిలో నర్సు, ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి. శనాదివారాలు చూసుకుని మంచు పడదు కదా. అంటే ఆ బండి నడిపేది చాలాసార్లు అక్కే. అదీ ఒంటరిగా, చీకట్లో, టైము తరుముతుంటే. మొదటి స్నో బ్లోవర్‌ని డ్రైవ్‌వే (గరాజ్ నుంచి రోడ్డు దాకా కారు వెళ్ళే దారి) కొలతలు చూసి కాదు, ఆ పూట దాన్ని ఒంటరిగా నడపాల్సిన మనిషిని చూసి ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం. కొలతలు ఆ తర్వాతే.

నాది విశాఖ కంచరపాలెంలో చిన్న ఇంజన్లు బాగుచేసే షాపు. జనరేటర్లు, నీటి పంపులు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, చెట్లు కోసే రంపాలు వస్తాయి. నేనెప్పుడూ మంచులో నడవలేదు. లంబసింగిలో పొద్దున్నే గడ్డి మీద తెల్లగా పేరుకునేది చూశానంతే. కానీ స్నో బ్లోవర్ లోపల ఉన్నవన్నీ నా బల్ల మీదకి రోజూ వచ్చే సామాన్లే. ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ ఇంజన్, కార్బొరేటర్, బెల్టు, పుల్లీ, వార్మ్ గేర్‌బాక్స్. మంచు ఎలా ఉంటుందో అక్కనడిగి, అక్క చేత పక్కింటివాళ్ళని అడిగించి తెలుసుకున్నాను. ఇంజన్ సంగతి మాత్రం నా చేతులకి తెలుసు.

హుద్‌హుద్ వారంలో ఒక జనరేటర్

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక విశాఖలో కరెంటు లేకుండా గడిపిన రోజులు మనవాళ్ళెవరూ మర్చిపోలేదు. ఆ వారం నా దగ్గరికొచ్చిన కేసుల్లో ఒకటి ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఎమ్వీపీ కాలనీలో ఒక ఇల్లు. కొడుకు ఓడ మీద ఉద్యోగం, సముద్రంలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది అరవై దాటిన తల్లి, కోడలు, చంటిపిల్ల. కొడుకు వెళ్ళేముందు తన లెక్క ప్రకారం మంచి పనే చేశాడు. "ఇంటికి లోటుండకూడదు" అని పెద్ద జనరేటర్ కొనిపెట్టి వెళ్ళాడు.

"స్టార్ట్ అవటం లేదు బాబూ, కొత్తదే, ఏదో పాడైనట్టుంది" అని ఆవిడ కబురు చేస్తే, విరిగిన కొమ్మలు దాటుకుంటూ నడిచే వెళ్ళాను. ప్లగ్గు విప్పి చూశాను. స్పార్కు చక్కగా ఉంది. పెట్రోలు వస్తోంది. ఆయిల్ సరిపడా ఉంది. నేను తాడు లాగితే రెండో గుంజుకి అందుకుంది. బండికి రోగమేమీ లేదు. ఆ సైజు ఇంజన్ కంప్రెషన్‌ని దాటించి తాడు లాగాలంటే భుజంలో ఉండాల్సిన బలం ఆ ఇద్దరిలో ఎవరికీ లేదు, అంతే. కోడలు నా ఎదురుగానే మళ్ళీ ప్రయత్నించింది. కాలు ఫ్రేముకి తన్నిపెట్టి రెండు చేతులతో లాగింది. తాడు సగం వచ్చి, ఆమె చేతిని విసురుగా వెనక్కి లాక్కుంది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచిపోయింది. తాడు అలా వెనక్కి తన్నడం అంతకుముందు రోజు నుంచీ జరుగుతూనే ఉందట. మొహమాటంకొద్దీ పక్కింటివాళ్ళని ఒకటి రెండుసార్లు పిలిచి, ఆ తర్వాత పిలవడం మానేశారు.

ఆ ఇంట్లో నడవాల్సినవి రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక ఫ్రిజ్జు. ఇంకా చిన్న సెట్టు, బటన్ స్టార్టుది, సరిపోయేది. అప్పట్నుంచి నా దగ్గరికి ఎవరు ఏ మిషన్ కొనడానికి సలహా కోసం వచ్చినా ముందు అడిగేది ఒకటే. "మీరు ఇంట్లో లేనప్పుడు దీన్ని ఎవరు స్టార్ట్ చేస్తారు?" చాలామంది ఆ మాటకి ఒక్క క్షణం ఆగుతారు. వాట్సాప్ గ్రూపులో బావగారు కూడా ఆగారు. తర్వాత "పక్కింటాయన ఉన్నాడులే" అన్నారు. ఆ పక్కింటాయనకి డెబ్బై రెండేళ్ళు.

పారతో సరిపోదా?

ఇది నాన్న ప్రశ్న. "వెయ్యి డాలర్లు పోసి మిషనెందుకురా, పార లేదా, వ్యాయామం కూడా అవుతుంది కదా" అన్నారు. కాగితం తీసి లెక్క వేసి చూపించాను. అక్కావాళ్ళ డ్రైవ్‌వే రెండు కార్లు పక్కపక్కన పట్టేది, సుమారు 15 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. అంటే 75 చదరపు మీటర్లు. దాని మీద 20 సెంటీమీటర్ల మంచు పడితే 15 ఘనపు మీటర్లు. పొడిమంచు అయితే ఘనపు మీటరు దాదాపు 100 కిలోలు తూగుతుంది. తడిమంచు దానికి రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తేలిగ్గా చూసినా టన్నున్నర, తడిదైతే మూడు టన్నులు. రోచెస్టర్‌లో ఏడాదికి సగటున వంద అంగుళాల దాకా పడుతుంది. పక్కనున్న ఒంటారియో సరస్సు నిండా గడ్డకట్టదు. దాని మీదుగా వచ్చే చలిగాలి తేమని పట్టుకొచ్చి ఒడ్డునున్న ఊళ్ళ మీద మంచుగా దింపుతుంది. కాబట్టి ఈ టన్నుల లెక్క ఏదో ఒక్క రోజుది కాదు.

వ్యాయామం మాటకొస్తే, కెనడాలో క్యూబెక్ పరిశోధకులు 1981 నుంచి 2014 వరకు ఆస్పత్రి రికార్డులు తిరగేసి 2017లో ఒక అధ్యయనం అచ్చువేశారు. మంచు ఎక్కువగా పడిన మర్నాడు మగవాళ్ళు గుండెపోటుతో ఆస్పత్రిలో చేరడం, చనిపోవడం పెరుగుతున్నాయని తేలింది. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఊపిరి బిగబట్టి బరువెత్తితే రక్తపోటు ఎగుస్తుంది. బావగారికి యాభై దాటాయి, రోజంతా కుర్చీలో కూర్చునే పని. ఆ కాగితం చూశాక నాన్న మళ్ళీ పార ఊసెత్తలేదు. మెట్లకి, తలుపు ముందరికి పార ఎలాగూ ఉండాలి, ఉంటుంది.

మంచు ఎత్తు కాదు, వాకిట్లో పడే కట్ట

ఈ బండ్లలో ముఖ్యంగా రెండు రకాలు. సింగిల్ స్టేజ్‌లో ఆగర్, అంటే మూతిలో అడ్డంగా ఉండే రబ్బరు రెక్కల ఇరుసు, నేలని రాసుకుంటూ తిరుగుతుంది. మంచుని పోగుచేసేదీ, పైగొట్టంలోంచి విసిరేదీ అదే. పెట్రోలుదైనా నలభై కిలోలకి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఎవరైనా తిప్పగలరు. నేలని శుభ్రంగా గీకుతుంది. ఏడెనిమిది అంగుళాల మంచు దాకా బాగా పనిచేస్తుంది. కంకర నేలకి మాత్రం పనికిరాదు, రాళ్ళు ఏరి విసురుతుంది. టూ స్టేజ్‌లో ఉక్కు ఆగర్ మంచుని కోసి మధ్యకి తెస్తుంది, దాని వెనక ఇంపెల్లర్ అనే వేరే రెక్కల చక్రం తిరిగి దాన్ని దూరంగా కొడుతుంది. చక్రాలకీ ఇంజన్ పవరే. అడుగున స్కిడ్ షూలు ఉంటాయి, వాటితో నేలకీ బ్లేడుకీ ఎడం పెట్టుకోవచ్చు. ఇందులో 24 అంగుళాలవే 90 నుంచి 110 కిలోలు. 28వి ఇంకా పైన.

మనిషిని చూసి ఎంచుకోవాలన్న నా మాట ప్రకారమే పోతే సింగిల్ స్టేజ్ దగ్గర ఆగిపోవాలి. నేనూ మొదట అక్కడే ఆగాను. తేలిక, చవక, బటన్ స్టార్టు. మంచు ఎక్కువ పడుతుంటే మధ్యలో ఒకసారి, ఆగాక ఒకసారి తీసుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను.

అప్పుడు అక్క పాత ఫోటో ఒకటి పంపింది. అద్దెకున్న ఇంటి వాకిలిది, అంతకుముందు చలికాలంలో తీసింది. డ్రైవ్‌వేలో చీలమండ లోతే మంచు ఉంది. రోడ్డుని కలిసే చోట మాత్రం మోకాలు దాటిన కట్ట. మునిసిపాలిటీ లారీ రోడ్డు మీది మంచుని పక్కకి తోసుకుంటూ పోయినప్పుడు ప్రతి ఇంటి మూతి దగ్గరా పోసిపోయేది అది. పైన పడిన మంచులా గుల్లగా ఉండదు. నొక్కుకుపోయి, ఉప్పు కలిసి, మధ్యలో గడ్డలతో ఉంటుంది. గంటా రెండు గంటలు అలా వదిలేస్తే గట్టిపడిపోతుంది. అక్క ఫోన్లో చెప్పింది: "డ్రైవ్‌వే అంతా పారతో తీసేశానురా. ఆ చివర అడుగున్నర ముక్క దగ్గర ఏడుపొచ్చింది. కారు దాటదు, డ్యూటీకి లేటు."

సింగిల్ స్టేజ్ రబ్బరు రెక్కలు ఆ కట్టని కొయ్యలేవు, దాని మీదకి ఎక్కేస్తాయి. అప్పుడు మనిషే బండిని వెనక్కి లాగి, ముందుకి గుద్ది, మళ్ళీ లాగాలి. తేలికబండి అని కొన్నది అక్కడ భుజాల పనైపోతుంది. ఉక్కు ఆగర్, ఇంజనుతో నడిచే చక్రాలు ఉంటే సగం వెడల్పు చొప్పున, అన్నిటికన్నా తక్కువ గేరులో మెల్లగా తినిపించవచ్చు. కాబట్టి మనిషిని చూసే ఆలోచిస్తే కూడా అక్కకి టూ స్టేజే సరైనది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె చేత కానిది ఆ కట్టే కనుక. మంచు తక్కువ పడే ఊళ్ళో, ఒక కారు పట్టే చిన్న డ్రైవ్‌వేకి, లారీ కట్ట పెద్దగా వెయ్యని సందులో అయితే నేను సింగిల్ స్టేజే అంటాను.

24 చాలదా, 28 కావాలా?

ఇక్కడే బావగారికీ నాకూ గట్టిగా వాదన జరిగింది. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. "చక్రాలకి ఇంజన్ పవర్ ఉన్నప్పుడు బరువుతో పనేముంది? పెద్దది త్వరగా అయిపోతుంది, చలిలో నిలబడే టైము తగ్గుతుంది. అది మీ అక్కకే మంచిది కదా" అన్నారు.

తిన్నగా పోతున్నంతసేపూ ఆయన చెప్పింది నిజమే. కానీ డ్రైవ్‌వే పని తిన్నగా పోయేది కాదు. చివరికి వెళ్ళాలి, తిరగాలి, వెనక్కి రావాలి, మళ్ళీ తిరగాలి. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉన్న బండిని తిప్పాలంటే ఒక చక్రాన్ని ఈడ్చాల్సిందే. దానికి తోడు కాలికింద ఐసు. ఇంజన్ ఆగిపోయినా, గరాజ్‌లో కార్ల మధ్యనుంచి బయటికి తియ్యాలన్నా, పక్కకి ఒరిగి మంచులో దిగబడినా ఆ బరువంతా మనిషి మీదే. ఇక త్వరగా అయిపోవడం సంగతి. 5 మీటర్ల వెడల్పుకి 24 అంగుళాల బండి, అంటే 61 సెంటీమీటర్లది, తొమ్మిది వరసలు తిరగాలి. 28 అంగుళాలది, 71 సెంటీమీటర్లది, ఎనిమిది తిరగాలి. తేడా ఒక్క వరస. ఆ ఒక్క వరస కోసం ప్రతి మలుపులోనూ ఇంకో పదీ పదిహేను కిలోలు ఈడ్చడం ఏం లాభమో నాకర్థం కాలేదు. పైగా మూతి పెరిగి ఇంజన్ అదే ఉంటే కట్ట దగ్గర నీరసపడుతుంది. 24 మూతికి 250 సీసీ దగ్గరి ఇంజన్ ఉంటే అది హాయిగా లాగుతుంది.

ఇంజన్ సైజు సీసీల్లోనే చూడమన్నాను. హార్స్‌పవర్ అంకె ఎవరైనా చెబితే పక్కన పెట్టమన్నాను. గడ్డి కోసే బండ్ల ఇంజన్ల హార్స్‌పవర్‌ని పెంచి రాస్తున్నారని అమెరికాలో కొనుగోలుదారులు కోర్టుకెక్కితే, అది 2010లో కంపెనీలతో రాజీగా ముగిసింది. ఈ చిన్న ఇంజన్ల మీద ఇప్పుడు సీసీ, టార్క్ అంకెలే ఎక్కువగా కనపడతాయి.

నేను గట్టిగా పట్టుబట్టింది తిప్పే ఏర్పాటు గురించి. కొన్ని మోడళ్ళలో హ్యాండిల్ కింద చిన్న ట్రిగ్గర్ ఉంటుంది. కుడిది నొక్కితే కుడి చక్రానికి పవర్ తెగుతుంది, బండి ఆ వైపుకి దానంతట అదే తిరుగుతుంది. కొన్నింటిలో తిప్పబోతే చాలు, రెండు చక్రాలనీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ దాన్ని కనిపెట్టి సర్దుకుంటుంది. అది లేనిదానికన్నా ఉన్నదానికి డబ్బు ఎక్కువే. కానీ హెడ్‌లైటు, వేడెక్కే హ్యాండిల్ లాంటివన్నీ మానుకుని అయినా ఇది తీసుకోవాలి.

బ్యాటరీది ఎందుకు కాదు?

నా మనసు చాలారోజులు బ్యాటరీ వైపే లాగింది. కార్బొరేటర్ లేదు, తాడు లేదు, చోక్ లేదు. బటన్ నొక్కితే తిరుగుతుంది. హుద్‌హుద్ నాటి ఆ కోడలి చెయ్యి గుర్తొస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది. చిన్న డ్రైవ్‌వే ఉన్నవాళ్ళకి ఈ రోజున నేను బ్యాటరీదే చెబుతాను, అందులో అనుమానం లేదు.

అక్క విషయంలో మాత్రం మూడు సంగతులు అడ్డొచ్చాయి. చలికి లిథియం బ్యాటరీ ఇచ్చే శక్తి తగ్గుతుంది, సున్నా డిగ్రీలకి దిగువన ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చెయ్యకూడదు. అందుకని గరాజ్‌లో వదలకుండా ఇంట్లోకి తెచ్చుకోవాలి. ఇది అలవాటైతే పెద్ద సమస్య కాదు. రెండోది, తడిమంచూ కట్టా కలిసినప్పుడు బ్యాటరీ దిగే వేగం. కంపెనీలు చెప్పే నిమిషాలు తేలికమంచులో లెక్కించినవి. పని సగంలో బ్యాటరీ అయిపోతే మళ్ళీ నిండటానికి గంట పైనే, అప్పటికి డ్యూటీ టైము దాటిపోతుంది. మూడోది కరెంటు. 1991 మార్చిలో రోచెస్టర్‌లో మంచువాన కురిసి తీగలు తెగిపోయి, కొన్ని ఇళ్ళకి రెండు వారాల దాకా కరెంటు రాలేదు. అలాంటిది మళ్ళీ రోజూ రాదు, ఒప్పుకుంటాను. కానీ తుపానంటే ఏమిటో తెలిసిన ఊరు మనది. గట్టిగా అవసరం పడే రోజే కరెంటు ఉండదన్న భయం నాకు పోదు.

పెట్రోలుదే తీసుకుంటే తాడు గొడవ ఎలా మరి? ఆ బండ్లలో చాలావాటికి ఇంటి ప్లగ్గులో వైరు పెట్టి స్టార్ట్ చేసే మోటారు ఉంటుంది. ముందు గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, వైరు తగిలించి, బటన్ నొక్కి, అందుకోగానే వైరు పీకేసి బండిని బయటికి తెచ్చేయాలి. మూసిన గరాజ్‌లో ఇంజన్ తిరగనిస్తే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపుతుంది, వాసన కూడా తెలియదు. తలుపు కాస్త ఎత్తి ఉంచితే చాలని అనుకోవద్దని అక్కకి మళ్ళీ మళ్ళీ చెప్పాను.

బండి పాడయ్యేది మంచులో కాదు, వేసవిలో

బ్యాటరీ వైపు వాదించేవాళ్ళ మాటల్లో నాకు జవాబు కష్టమైనది ఇదొక్కటే. పెట్రోలు బండికి శ్రద్ధ కావాలి, ఆ శ్రద్ధ ఎవరు పెడతారు? నా షాపుకి వచ్చే "స్టార్ట్ అవ్వని" బండ్లలో ఎక్కువ భాగం చెడిపోయినవి కావు, పెట్రోలు పోసి వదిలేసినవి. కార్బొరేటర్ గిన్నె విప్పితే అడుగున పచ్చటి జిగురు, పక్కన అల్యూమినియం మీద తెల్లటి పొడి. మెయిన్ జెట్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతలి వైపు కనిపించదు. సన్నటి రాగి తీగతో ఆ బెజ్జం తెరిచి, క్లీనర్ కొట్టి బిగిస్తే అదే ఇంజన్ ఒక్క గుంజుకి అందుకుంటుంది. పెట్రోల్లో కలిపే ఇథనాల్ గాలిలోని తేమని లాక్కుంటుంది. నీళ్ళు ఎక్కువైతే విడిపోయి అడుక్కి చేరుతుంది. మన దగ్గర 2025 నాటికి 20 శాతం కలుపుతున్నారు, అక్కడ మామూలుగా దొరికేది 10 శాతంది. విశాఖ ఉప్పుగాలి, తేమ ఉన్నంతగా అక్కడ ఉండకపోవచ్చు. అయినా ఏప్రిల్లో ఆపిన బండి నవంబరు దాకా కదలదు.

అందుకని అక్కకి చెప్పినవి తక్కువే. పెట్రోలు కొన్న రోజునే డబ్బాలో స్టెబిలైజర్ (పెట్రోలు త్వరగా పాడవకుండా ఉంచే మందు) కలపడం. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడిపి, కార్బొరేటర్ గిన్నె అడుగు బోల్టు వదులుచేసి మిగిలిన చుక్కలు వంచెయ్యడం. చలికి పలచగా ఉండే 5డబ్ల్యూ-30 ఆయిల్ పొయ్యడం. ఆ బోల్టు ఎక్కడుందో వీడియో కాల్లో చూపిస్తే "ఇంతేనా?" అంది. సెలైన్ ఎక్కించే చేతికి ఇదెంత పని.

షియర్ పిన్నుల గురించి మాత్రం గట్టిగా చెప్పాను. ఆగర్‌ని షాఫ్టుకి కలిపే మెత్తటి పిన్నులు అవి. మంచులో దాగిన రాయో, తడిసి గడ్డకట్టిన పేపర్ల కట్టో తగిలితే ముందు పిన్ను తెగుతుంది, గేర్‌బాక్స్ బతుకుతుంది. అనకాపల్లి వైపు నుంచి ఒక రైతు రోటావేటర్ గేర్‌బాక్స్ పట్టుకొచ్చాడొకసారి. షియర్ బోల్టు మాటిమాటికీ తెగుతోందని ఎవరో గట్టి హైటెన్సిల్ బోల్టు బిగించారు. బోల్టు తెగలేదు. మూత తీస్తే పళ్ళన్నీ ఆయిల్లో రాలి ఉన్నాయి. ఆ పిన్ను తెగడమే దాని ఉద్యోగం. కంపెనీ పిన్నులు నాలుగు అదనంగా కొని, బండి పక్కనే గోడకి తగిలించుకోమన్నాను.

చేతులు

నాకు అన్నిటికన్నా భయం కలిగించే విషయం ఇది. తడిమంచు గొట్టంలో ఇరుక్కుంటుంది. తప్పకుండా ఇరుక్కుంటుంది. ఇంజన్ ఆపేశాం కదా అని చెయ్యి పెడతారు. ఇంజన్ ఆగినా బెల్టులో, ఇరుక్కున్న ఇంపెల్లర్‌లో బిగువు మిగిలి ఉంటుంది. అడ్డు తొలగగానే రెక్క ఒక్క అరవంతు తిరుగుతుంది. వేళ్ళు పోవడానికి అది చాలు. అమెరికాలో ప్రతి చలికాలం చేతుల సర్జన్లు ఈ గాయాల గురించి హెచ్చరిస్తూనే ఉంటారు. అక్క తన ఆస్పత్రిలో అలాంటి చెయ్యి చూసింది, వివరాలు చెప్పలేదు, నేనూ అడగలేదు. లీవర్లు వదిలి, ఇంజన్ ఆపి, తాళం తీసి, కాసేపు ఆగి, బండికి తగిలించి ఇచ్చే ప్లాస్టిక్ కర్రతోనే తియ్యాలి. చెయ్యి ఎప్పుడూ కాదు.

ఇక్కడ కూడా మళ్ళీ మనిషి కొలతే. ఈ బండ్లకి లీవర్ వదిలితే ఆగర్ ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అంటే పని చేసినంతసేపూ లీవర్ నొక్కి పట్టుకోవాలి. పెద్ద చేతుల కోసం చేసిన హ్యాండిల్‌ని, మందపాటి గ్లవ్స్ వేసుకున్న చిన్న అరచేతితో అరగంట నొక్కి పట్టడం తేలిక కాదు. విసిగిపోయినవాళ్ళు లీవర్‌కి తాడు కట్టేస్తారు. బ్రష్ కట్టర్లకి అలా కట్టినవి నా చేతులతో నేనే చాలా కోశాను. కాబట్టి అక్కని షాపుకి గ్లవ్స్ వేసుకుని వెళ్ళమన్నాను. లీవర్లు పట్టి, పది నిమిషాలు అలాగే నిలబడి చూడమన్నాను. ఇంజన్ ఆపి ఉన్న బండిని షాపులోనే వెనక్కి లాగి, తిప్పి చూడమన్నాను.

అక్టోబరు మొదట్లో వెళ్ళారు. మొదటి మంచు పడ్డాక వెళితే మోడళ్ళూ దొరకవు, బిగించి ఇచ్చే మనిషీ దొరకడు. అక్క ప్రశ్నలు అడుగుతుంటే అమ్మేవాడు జవాబులు బావగారి వైపు తిరిగి చెప్పాడట. బావగారే "నడిపేది ఆవిడ, ఆవిడకి చెప్పండి" అన్నారు. నాకా మాట ఎంత సంతోషంగా అనిపించిందో చెప్పలేను. 28 అంగుళాలది లాగబోతే నున్నటి సిమెంటు నేల మీదే అక్క కాళ్ళు జారాయి. ట్రిగ్గర్ ఉన్న 24 అంగుళాల టూ స్టేజ్‌ని ఒక చేత్తో తిప్పింది. అదే తీసుకున్నారు.

నాతో ఏకీభవించనివాళ్ళ వాదన ఒకటి ఇంకా మిగిలింది. సీజన్ మొత్తానికి డబ్బు కట్టేస్తే ముందు పెద్ద బ్లేడున్న ప్లౌ బండివాడే వచ్చి మంచు తోసిపోతాడు కదా, మిషన్ ఎందుకు అని. ఇది సరైన వాదనే. తొమ్మిదింటికి ఇల్లు కదిలేవాళ్ళకి నేనూ అదే చెబుతాను. అక్క అడిగి చూసింది. అయిదున్నర లోపు వస్తానని మాటిచ్చేవాడు ఆ వీధికి దొరకలేదు. వచ్చేవాళ్ళకి కూడా ఇన్ని అంగుళాలు పడితేనే వస్తామన్న షరతు ఉంది. అంతకన్నా తక్కువ పడిన రోజున కూడా మునిసిపాలిటీ లారీ కట్ట వేసిపోతుంది.

బావగారు ఇప్పటికీ 28 తీసుకుని ఉండాల్సిందనే అంటున్నారు. చలికాలం మొత్తం ఇంట్లో ఉండే ఉద్యోగం ఆయనకి దొరికిన ఏడాది ఈ విషయం మళ్ళీ మాట్లాడుకుందామని చెప్పాను.